నేను గెలిచిన రెండు బేరాలు

మొన్న సోమవారం పొద్దున ఒక బేరం గెలిచాను. గెలిచిన దగ్గర్నుంచి కాలు ఒకచోట నిలవడం లేదు. స్టవ్ మీద పాలు పెట్టి బాల్కనీలోకి వెళ్తున్నాను, బాల్కనీలోంచి మెట్ల మీదికి, మెట్ల మీంచి మళ్లీ వంటింట్లోకి. అప్పటికి పాలు పొంగి గట్టంతా పారి ఉంటున్నాయి. మూడు రోజుల్లో రెండుసార్లు అయిందిలా. నిజానికి బేరం గెలిచిన మనిషి హాయిగా ఉండాలి. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద దుకాణాల మధ్య పెరిగినదాన్ని. కూరగాయల మార్కెట్లో నేను ఆగితే అమ్మేవాళ్లు ముందే నిట్టూరుస్తారు. ఒకావిడైతే "అమ్మా, ఇయ్యాల నాకు జరమున్నది, నువ్వు పక్క బండికి పో" అని బతిమాలింది. అలాంటిదానికి గెలిచిన బేరం అరక్కపోవడమేమిటి?

అశోక్ నగర్‌లో మా ఇంటి పైరెండంతస్తులూ ఆడపిల్లల హాస్టలు. సర్కారు ఉద్యోగాల పరీక్షలకు ఊళ్లనుంచి వచ్చి చదువుకునే పిల్లలు. ఒక్కో గదిని చెక్క పలకలతో మూడు చేశాను, కిటికీ మాత్రం మూడింట్లో ఒక్కదానికే వచ్చింది. అది నా తెలివి. నల్గొండ వైపు నుంచి వచ్చిన శిరీషకు కిటికీ లేని అర దొరికింది. అందుకే ఆ పిల్ల రోజూ పొద్దున్నే పుస్తకం పట్టుకుని రోడ్డవతల టీ కొట్టు బెంచి మీద కూర్చుంటుంది. అక్కడ ఎండ బాగా పడుతుంది. పక్కన ఇమ్రాన్ అనే కుర్రాడు కూర్చుంటాడు, ఇద్దరూ ఒకే పరీక్షకు చదువుతున్నారు. ఒకరినొకరు ప్రశ్నలడుగుతుంటారు, తప్పు చెప్పినవాళ్లు టీ తెస్తారు. అంతకుమించి ఏమైనా ఉందో లేదో నాకు తెలీదు. గోడకు తగిలించిన హాస్టలు రూల్సులో దాని గురించి ఏమీ రాయలేదు.

సోమవారం పొద్దున గేటు దగ్గరికి ముగ్గురు కుర్రాళ్లు వచ్చారు. మెడలో ఒకే రంగు కండువాలు. మధ్యవాడు ఫోను నా ముఖానికి దగ్గరగా పెట్టాడు. అందులో బెంచి, శిరీష, ఇమ్రాన్, ఇద్దరి మధ్య ఒకే పుస్తకం.

"మీ హాస్టల్ పిల్లనే కదా ఆంటీ?"

"చదువుకుంటున్నారు బాబూ."

"చదువుకోనీకి మనోళ్లు దొరకలేదా? వాడేంది, ఈమేంది? ఇది వాళ్ల ఊరి గ్రూపుల వేస్తే వాళ్ల నాయన సాయంత్రానికే వచ్చి గుంజుకపోతడు. పరీక్ష లేదు, ఏం లేదు. మీరే ఖాళీ చేయించుండ్రి, మాకెందుకు లొల్లి."

పరీక్ష ఇంకా పదిహేను రోజులు. ఆ పిల్ల దీనికోసం రెండేళ్లుగా ఇక్కడ పడి ఉంది. నా బుర్ర తనకు తెలిసిన ఒక్క పనీ చేసింది. అడిగినదాంట్లో సగానికి దించింది. "ఖాళీ చేయించడం ఎందుకులే బాబూ. రేపట్నుంచి ఆ పిల్ల ఆ బెంచి మీద కనబడదు. మీరు ఆ వీడియో నా ఎదురుగా తీసేయండి. సరేనా?" ముగ్గురూ ముఖాలు చూసుకున్నారు, తీసేశారు. "సమజ్‌దార్ మనిషివి ఆంటీ" అని మెచ్చుకుని మరీ వెళ్లారు. నేనా మెప్పుతో కొట్టుకు పోయి ఒక టేబుల్ లైటు కొని శిరీషకిచ్చాను. "బయట దుమ్ము తల్లీ, పరీక్షయ్యేదాకా గదిలోనే చదువుకో" అన్నాను. నా హాస్టల్లో ఉచితంగా ఇచ్చిన మొదటి వస్తువు అది. ఆ పిల్ల నమ్మింది. కిందికి దిగుతూ మూడో మెట్టు మీద ఆగిపోయాను. "కనబడదు" అన్న మాట నా నోట్లోంచి అంతకుముందు ఒకసారి వచ్చింది, ఇదే బేరంలో. అప్పుడు నాకు పదిహేడేళ్లు.

మా దొడ్డమ్మకు చిక్కడపల్లిలో మ్యాచింగ్ సెంటర్ ఉండేది. చీరకు తగిన జాకెట్టు ముక్కలు, ఫాల్స్, లంగాలు, లైనింగులు. తెనాలి వైపు నుంచి పెదనాన్నతో వచ్చి పెట్టిన కొట్టు. ఆయన పోయాక ఆవిడే నడిపింది. పక్కనే రెండు షట్టర్ల అవతల మా నాన్న స్టీలు సామాన్ల కొట్టు. దొడ్డమ్మ కొట్టు షట్టరు ఎత్తగానే ఒక వాసన ముఖాన కొట్టేది. కొత్త గుడ్డ గంజి, మెషిను నూనె, ముందురోజు సాంబ్రాణి, అన్నిటి కిందా దొడ్డమ్మ బుగ్గన ఎప్పుడూ ఉండే లవంగం. నేటికీ ఏ బట్టల కొట్లోకి వెళ్లినా ముక్కు ఆ లవంగం కోసం వెతుకుతుంది. ఆవిడ కత్తెర నడుముకి దోపుకునేది. ఎవరైనా గుడ్డ తాను తెచ్చి "ప్యూర్ కాటనమ్మా" అంటే అంచులోంచి ఒక పోగు లాగి, అగ్గిపుల్ల గీసి అంటించి, పొగ వాసన చూసి, "ఇది కాటనైతే నేను పెళ్లికూతుర్ని" అనేది. అమ్మేవాడు నవ్వాలో ఏడవాలో తెలియక ధర తగ్గించేవాడు. బేరం నేను ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. మొహంలో ఇష్టం కనబడనీయకూడదు. లేచి నాలుగడుగులు నడవాలి, ఐదోది వేయకూడదు. అవతలివాడు తానే గెలిచాననుకుని వెళ్లాలి.

ఇన్ని తెలిసిన మనిషి ఒక్క విషయంలో ఓడిపోయి ఉండేది. మా దుకాణాల లైనులో బోణీ అంటే దాదాపు పూజ. మొదట వచ్చినవాళ్లను వట్టి చేతులతో పంపితే రోజంతా గిరాకీ ఉండదని నమ్మకం. కొనేవాడు సగానికి అడిగినా బోణీ బేరం కదా అని ఇచ్చేస్తారు. ఆ మొదటి గిరాకీకి ఎదురుగా బొట్టు లేని మనిషి కూర్చోకూడదు. పెదనాన్న పోయిన నెలలో ఎవరో గిరాకీ గుమ్మం దాకా వచ్చి దొడ్డమ్మను చూసి వెనక్కి తిరిగిందట. దాంతో మా నాన్న, ఆ లైనులో పెద్దలు నలుగురు కూర్చుని తేల్చారు. బోణీ అయ్యేదాకా ఆవిడ వెనక గదిలో కర్టెన్ వెనక ఉండాలి. తరవాత గల్లాపెట్టె దగ్గరికి రావచ్చు. ఆవిడ తన సొంత కొట్టులో పన్నెండేళ్లు రోజూ పొద్దున ఆ ఎర్రపూల కర్టెన్ వెనక ఒక స్టూలు మీద కూర్చుంది. చివరి రెండేళ్లూ బోణీ చేసే చెయ్యి నాది. పెళ్లికాని పిల్ల చెయ్యి మంచిదని. నేను నారాయణగూడలో కాలేజీకి వెళ్లేముందు రోజూ గంట కౌంటర్లో నిలబడి, మొదటి ముక్క కత్తిరించి, "దొడ్డమ్మా, అయింది" అని పిలిచేదాన్ని. అప్పుడు కర్టెన్ జరిగేది. అందులో ఏదైనా తప్పుందని నాకు ఒక్క రోజూ తోచలేదు. నా చెయ్యి మంచిదని మురిసిపోయేదాన్ని.

ఆ కొట్టుకు అసలు ప్రాణం షాహీన్. భోలక్‌పూర్ నుంచి నడిచి వచ్చేది. నాకంటే మూడేళ్లు పెద్ద. చీర అంచులు కుట్టే పీకో మెషిన్ మీద పనికి చేరింది కానీ ఆ పిల్లకున్నది రంగుల కన్ను. మ్యాచింగ్ కొట్లో ఒక చిక్కుంది. ట్యూబులైటు కింద వంకాయరంగూ ఉల్లిపొర రంగూ రెండూ అబద్ధం చెబుతాయి. లోపల అతికినట్టున్న ముక్క ఇంటికెళ్లి చూస్తే వెక్కిరిస్తుంది. అందుకే చీరనూ ముక్కనూ బయట ఫుట్‌పాత్ మీదికి తీసుకెళ్లి ఎండలో చూడాలి. ఆ పని షాహీన్‌ది. చీర కొంగు ఒక భుజాన, ముక్క ఇంకో చేతిలో, తల కొంచెం వంచి చూసి, "లేదమ్మా, ఒక షేడ్ ముదురుండాలె" అనేది. విద్యానగర్ నుంచి కూడా ఆడవాళ్లు "ఎండలో చూసే పిల్ల ఉందా?" అని అడుగుతూ వచ్చేవాళ్లు. ఆ పిల్ల లేకపోతే మర్నాడు వస్తామని వెళ్లిపోయేవాళ్లు.

ఊళ్లో కర్ఫ్యూలు వచ్చిపోయే రోజులు. పాలప్యాకెట్లతో పాటు పుకార్లు కూడా ఇంటికొచ్చేవి. మా వీధిలో కొందరు కుర్రాళ్లు దండుగా తయారై, ఎవరి కొట్టులో ఎవరు పనిచేయాలో, ఏ పిల్ల ఎవరితో మాట్లాడాలో తేల్చడం మొదలుపెట్టారు. వాళ్లకు పెద్ద చలపతి. చిన్నప్పటినుంచీ తెలిసినవాడే, వాళ్లమ్మ మా గిరాకీ. ఒకరోజు పొద్దున నేను షట్టరెత్తి సాంబ్రాణి వేస్తుండగా నలుగురితో వచ్చాడు. షాహీన్ ఇంకా రాలేదు. దొడ్డమ్మ కర్టెన్ వెనక ఉంది. బోణీ కాలేదు.

"ఏం చెల్లె, మంచిగున్నవా? గా పీకో పిల్ల ఏది?"

"ఇంకా రాలేదన్నా."

"రాకుంటెనే మంచిది. మన ఆడోళ్ల చీరలు భుజానేసుకొని గామె నడిరోడ్డు మీద నిలబడుడేంది? రోడ్డంత చూస్తున్నది. రేపటి సంది గామె ఈ రోడ్డు మీద కనబడొద్దు. మీ పెద్దమ్మకు చెప్పు. ఇనకుంటే షట్టరుంటదో ఉండదో నేను చెప్పలేను."

వాళ్లలో వెనకున్నవాడి చేతిలో కర్ర ఉంది. నాకు భయమేసింది. కానీ భయం కంటే బలమైనది నాలో ఇంకోటి ఉంది. పొద్దున్నే గడప తొక్కిన మొదటి మనిషి ఇతను. వట్టి చేతులతో పంపకూడదు. ఈ మాట ఎవరితోనూ అనలేదు ఇన్నాళ్లూ, నవ్వుతారని. నిజం అదే. బెదిరించడానికి వచ్చినవాణ్ణి నేను గిరాకీ కింద లెక్కేశాను. "కనబడకూడదు, అంతేగా అన్నా? పనిలోంచి తీసేయమనలేదు కదా! లోపల మెషిన్ మీద కూర్చుంటుంది. ఫుట్‌పాత్ మీదికి రాదు. ఎవరికీ కనబడదు. మీ మాటా నిలుస్తుంది, ఆ పిల్ల కడుపూ నిండుతుంది" అన్నాను. చలపతి గడ్డం గోక్కున్నాడు. "నువ్వు హుషారున్నవ్ పో" అని నవ్వి, దండుతో సహా ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్లోకి పోయి కూర్చున్నాడు. నేను గల్లాపెట్టెకు చెయ్యి ఆనించి నిలబడ్డాను. పదిహేడేళ్ల పిల్ల మాటల్తో ఒక కర్రను వెనక్కి పంపింది. నా మీద నాకే ముద్దొచ్చింది.

పది నిమిషాలకు షాహీన్ వచ్చింది. శుభవార్త చెప్పినట్టే చెప్పాను. ఉద్యోగం నిలబెట్టాను చూశావా అన్నట్టు. ఆమె చెప్పులు విడవకుండా అలాగే నిలబడి వింది.

"మా చచ్చా, మా నాయన తమ్ముడు, గల్లీల ఏమంటున్నడో తెలుసా వాణీ? హిందువుల కొట్టుల ఆడపిల్ల రోడ్డు మీద నిలబడుడు షరమ్ అంటడు. ఇంట్ల కూసోమంటడు. వీళ్లు లోపల కూసోమంటరు. ఇప్పుడు నువ్వు గూడ. అందరూ నన్ను లోపలనే పెడుతుండ్రు కదా, మరి నేను ఎక్కడ నిలబడాలె? నువ్వే చెప్పు."

"కొన్నాళ్లేగా" అన్నాను.

"నా ఫుట్‌పాత్ ఇయ్యనీకి నువ్వెవరే?"

బేరంలో ఇచ్చేసింది నాది కాదు. అది అంతసేపూ తోచలేదు. అప్పుడు కర్టెన్ జరిగింది. బోణీ కాకుండా అది జరగడం నేనెన్నడూ చూడలేదు. దొడ్డమ్మ బయటికి వచ్చింది, లవంగం నముల్తూ.

"దొడ్డమ్మా, ఇంకా అవలేదు" అన్నాను.

"విన్నాను. నీ బేరం కూడా విన్నాను." గల్లాపెట్టె దగ్గరికి వచ్చి, ముక్కలు కత్తిరించే బల్ల మీద చెయ్యి వేసింది. "కొన్నాళ్లే అని నాకూ చెప్పారే వాణీ. మీ నాన్నే చెప్పాడు. ఆ స్టూలు కాళ్లు రెండుసార్లు మార్పించాను." తిట్టి ఉంటే బాగుండేది.

అదే సమయానికి ఒకావిడ పట్టుచీర సంచితో గుమ్మంలో నిలబడింది. కూతురి పెళ్లి, చీర నెమలికంఠం రంగు. మ్యాచింగ్ చేసేవాళ్లను ఏడిపించే రంగు అది, అటు తిప్పితే నీలం, ఇటు తిప్పితే పచ్చ. దొడ్డమ్మను చూసి ఆవిడ ఒక్క క్షణం తటపటాయించింది. దొడ్డమ్మ "రండమ్మా, బోణీ మీదే, చేసేది నేను" అని మూడు తానులు పరిచింది. ఒక ముక్క తీసి షాహీన్ చేతిలో పెట్టి, "పద, ఎండలో చూద్దాం" అంది. పద అనడం, చూద్దాం అనడం నాకు గుర్తుంది. ఎప్పుడూ "చూసి రా" అనేది.

ఇద్దరూ ఫుట్‌పాత్ మీదికి దిగారు. చీరావిడ గడప మీదే ఆగింది. నేను కౌంటర్ వెనక. హోటల్లోంచి దండు లేచి రోడ్డు దాకా వచ్చింది. రెండు షట్టర్ల అవతల మా నాన్న తన షట్టరు సగం దించడం వినబడింది. షాహీన్ కొంగు భుజాన వేసుకుని, ముక్క దాని పక్కన పెట్టి, రోజూ లాగానే తల వంచింది. సోడా సీసా ఎవరు విసిరారో చూడలేదు. అది స్తంభానికి తగిలి పగిలింది, పెంకు ఒకటి ఆమె ముంజేతిలో దిగింది. నెత్తురు మణికట్టు దాకా జారింది. చీర మీద చుక్క పడకుండా ఆ చేతిని దూరంగా చాపి, రెండో చేత్తో కొంగును ఇంకా ఎండలోకి ఎత్తి చూసింది. "ఇది కాదమ్మా. ముదురుది కావాలె" అంది. రంగు సరిగ్గానే చెప్పింది.

దొడ్డమ్మ తిరిగి, రోడ్డవతలికి వినబడేట్టు పిలిచింది. "చలపతీ! మీ అమ్మ చిలకపచ్చ ముక్క తీసి ఉంచానురా. ఇక్కడే, ఎండలో, ఈ పిల్ల చేతే చూపించి తీసుకెళ్లమను." వాడు తల పక్కకు తిప్పాడు. తరవాత దొడ్డమ్మ నా వైపు చూసి "వాణీ, ముదురుది పట్రా" అంది. నేను తాను తీసుకుని గడప దాకా వెళ్లాను. గడప మీంచి చెయ్యి చాపి అందించాను. కాలు మాత్రం బయట పెట్టలేదు. ఒక్క అడుగు. ఆ గడప ఎత్తు నాకిప్పటికీ తెలుసు, నా జానెడు కూడా లేదు.

గెలిచామని రాయను. షాహీన్ చేతికి నాలుగు కుట్లు పడ్డాయి. వాళ్లు చాలా రోజులు ఎదురుగా కూర్చున్నారు, తరవాత విసిగిపోయారో, ఇంకో పని దొరికిందో. కొందరు గిరాకీలు మానేశారు. మా నాన్న దొడ్డమ్మతో ఏడాది మాట్లాడలేదు. షాహీన్ కుట్లతోనే మర్నాడు వచ్చింది, వాళ్ల చచ్చా గల్లీ చివరిదాకా వెంటపడి తిట్టినా. ఇంకో ఆరేళ్లు ఆ ఫుట్‌పాత్ మీద నిలబడింది. దొడ్డమ్మ ఆ ఎర్రపూల కర్టెన్ దించి కత్తిరించి సంచులు కుట్టింది, గిరాకీలకు ముక్కలు వాటిలో వేసి ఇచ్చేది. నా మంచి చేతికి బోణీ పని పోయింది. ఇప్పుడా కొట్టున్నచోట ఫోన్లు అమ్ముతున్నారు. అద్దాల తలుపు, లోపల పగలూ రాత్రీ ఒకే తెల్లటి వెలుగు. దొడ్డమ్మ పోయిన రోజు షాహీన్ వచ్చింది, చేతి మీద మచ్చ కనబడింది. సారీ చెప్పాలనుకున్నాను. ఆ రోజు కాదులే అనుకున్నాను. అలా చాలా రోజులు కాదులే అయిపోయాయి.

నిన్న బుధవారం మధ్యాహ్నం, రెండోసారి పాలు తుడిచాక, ఫోన్ చేశాను. టోలీచౌకిలో ఆమెకు సొంత మ్యాచింగ్ షాపుంది. శిరీష సంగతంతా చెప్పాను. అవతల మెషిను చప్పుడు ఆగింది.

"నువ్వింక బేరాలే ఆడుతున్నవా?"

"షాహీన్, ఆ రోజు నేను..."

"ఆ రోజు తాను గడప దాక తెచ్చిచ్చినవ్ కదా, ఇంకేం గావాలె" అంది. అది దయో దెప్పిపొడుపో ఇప్పటికీ తేల్చుకోలేదు. మళ్లీ తనే అంది. "గప్పుడు సీసా. సీసా ఒక్కసారే పగులుతది. గిప్పుడు ఫోను. వాళ్లు మళ్ల తీస్తరు, మళ్ల వస్తరు. ఎన్నిసార్లు అమ్ముతవ్ ఆ పిల్లను? ముందుగాల ఆమెకు చెప్పు."

సాయంత్రం పైకి వెళ్లాను. శిరీష నేనిచ్చిన లైటు కింద కళ్లు నులుముకుంటోంది. దుమ్ము సంగతి అబద్ధమని మొదలుపెట్టి మొత్తం చెప్పాను. ఆ పిల్ల పుస్తకం మూసింది.

"నన్ను అడగకుండనే ఒప్పుకున్నరా ఆంటీ? మూడు దినాల సంది తల నొస్తున్నది నాకు. మీరు దుమ్మంటే నమ్మిన."

"వాళ్లు మీ నాన్నకు పంపుతామన్నారమ్మా."

"ఎవడో పంపితే చూసుడు కన్న నేను చెప్తే ఇనుడు నయం కదా." అక్కడే ఫోన్ తీసి వాళ్ల నాన్నకు చేసింది. నేను మెట్ల మీద కూర్చున్నాను. సగం మాటలే వినబడ్డాయి. "లేదు నాయనా... చదువుకుంటున్న, ఒట్టు... తిట్టు, కని పరీక్ష రాసినంకనే వస్త." బయటికొచ్చినప్పుడు కళ్లు ఎర్రగా ఉన్నాయి. లైటు వల్లో, నాన్న వల్లో అడగలేదు. ఏమన్నాడని మాత్రం అడిగాను. "ఆలోచించి చెప్తడట" అంది.

ఈ పొద్దున ఆరున్నరకే ఆ పిల్ల బెంచి మీద ఉంది. ఇమ్రాన్ ఇంకో చివర, భయంభయంగా, పుస్తకం మధ్యలో. మూలమీద బండి, బండి మీద కండువాలు. నేను హాల్లోంచి ప్లాస్టిక్ కుర్చీ తీసుకుని గేటు దాటాను. కుర్చీ తీసుకెళ్లి బెంచికి ఎదురుగా వేసి, వీపు కాకుండా ముఖం కండువాలవాళ్లకు పెట్టి, కొంగు సర్దుకుని నిటారుగా కూర్చున్నాను. మధ్యవాడు ఫోను ఎత్తాడు. రానీ, అనుకున్నాను, నన్ను కూడా తియ్యి. ఇంత వయసుకు ఇంత ధైర్యం చేశానని లోపల ఎవరో చప్పట్లు కొడుతున్నట్టుంది.

"ఆంటీ" అంది శిరీష, తల ఎత్తకుండానే, "జర జరుగుండ్రి. పుస్తకం మీద మీ నీడ పడుతున్నది."

లేచి, కుర్చీ ఎత్తుకుని, ఫోను ఉన్న వైపు ఒక అడుగు జరిగాను.